ఫ్లెక్సీ కొట్లో రోబోల పంచాయితీ

మా బావ పోయాడని నాకు చెప్పింది మా వాళ్ళెవరూ కాదు. జగ్గయ్యపేటలో ఆయన ఫ్లెక్సీ కొట్టు పక్కన ఒక టీ బంకు ఉంది. ఆ టీ బంకు ఆయన పొద్దున్నే ఫోన్ చేశాడు. అప్పుడు నేను నందిగామలో, పనిచేసే ఎరువుల కొట్లో, బస్తాలు దించుకుంటున్నాను.

"మీ బావగారు ఇక లేరండి. షట్టర్ ఎత్తుతా ఎత్తుతా కూలబడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది" అన్నాడు. మళ్ళీ తనే, "మీకు ఎవరూ చెప్పరేమోనని చేశానండి" అన్నాడు.

ఆయన అనుకున్నది నిజమే. మా రెండిళ్ళ మధ్యా మాటల్లేవు.

బావ మా మేనత్త కొడుకు, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. వత్సవాయి దగ్గర మా ఊళ్ళో, అత్తకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం మా చేను పక్కనే ఉంది. ఆ ఎకరంలో బావ వాళ్ళ నాన్న బోరు వేయించాడు. ఆ వేసవిలోనే మా బోరు ఎండింది, మిరప తోట నిలువునా పోయింది. కొత్త బోరు వల్ల ఎండిందో, వానల్లేక ఎండిందో భూమిలోకి దిగి చూసినవాడు లేడు. మా నాన్న మాత్రం చూసినట్టే మాట్లాడాడు. అత్త కూడా తగ్గలేదు. అన్నాచెల్లెళ్ళకు అప్పుడు పోయిన మాటలు మళ్ళీ రాలేదు. బావ వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా మా నాన్న వెళ్ళలేదు. పుట్టింటి వాళ్ళు రాలేదా అని అడిగిన వాళ్ళకు అత్త జవాబు చెప్పలేదట.

మరి నాకూ బావకూ మాటలు ఎలా మిగిలాయంటే, చెబితే నవ్వుతారేమో. రోబోల వల్ల మిగిలాయి.

మీలో చాలామందికి టీవీలో వచ్చే ఆ రోబోల బొమ్మల కథల సంగతి తెలియకపోవచ్చు. జపాను వాళ్ళు కొన్ని దశాబ్దాలుగా తీస్తూనే ఉన్నారు. ఒక్కో కథలో మనుషులు వేరు, యుద్ధం వేరు. అన్నిట్లోనూ ఉండేది మేడంత ఇనప మనిషి. దాని గుండెకాయ ఉండాల్సిన చోట ఒక కుర్రాడో పిల్లో కూర్చుని నడుపుతారు. యుద్ధం మొదలుపెట్టేది పెద్దవాళ్ళు. చిన్నప్పుడు మా ఇంట్లో కేబుల్ లేదు, అప్పట్లో మా ఊళ్ళోనే ఉన్న అత్త వాళ్ళింట్లో ఉండేది. బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. అత్త మా ఇద్దరికీ ఒకే పళ్ళెంలో మరమరాలు పోసేది. తరవాత సీడీలొచ్చాయి, ఆ తరవాత ఫోన్లొచ్చాయి. ఆ కథలు వస్తూనే ఉన్నాయి, మేం చూస్తూనే ఉన్నాం.

ఇళ్ళ మధ్య మాటలు పోయాక ఒక ఆదివారం మా యజమాని నన్ను జగ్గయ్యపేట పంపాడు, కొట్టుకు ఫ్లెక్సీ వేయించుకు రమ్మని. వేరే కొట్టుకు వెళ్ళొచ్చు. కాళ్ళు బావ కొట్టుకే వెళ్ళాయి. ఆయన కంప్యూటర్ ముందు నుంచి తలెత్తి చూశాడు. మిషను మీద ఎవరి పుట్టినరోజో సగం అచ్చయి వస్తోంది.

చివరికి బావే అన్నాడు, "ఎడారిది మళ్ళీ చూసావా?" ఎడారిలో యుద్ధం జరిగే రోబో కథ అది.

"చూసా."

"అన్నిట్లో ఎన్నోదంటావు?"

"మొదటిదే."

"నీ మొహం. కూర్చో."

అలా మొదలైంది. ఆ తరవాత వీలున్న ఆదివారాలు నందిగామలో బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. మా మధ్య ఎవరూ పెట్టని నియమం ఒకటి ఉండేది. ఇళ్ళ సంగతి రాకూడదు, బోరు సంగతి అసలే రాకూడదు. ఆ రోబో కథల్లో గొప్పదనాన్ని బట్టి ఏది ముందు, ఏది వెనక, అంతే. మేం అంత పట్టుగా వాదించుకుంటుంటే బయటి నుంచి చూసినవాళ్ళు ఏ స్థలం తగాదానో అనుకునేవాళ్ళు. "తేలిందాండీ మీ రోబోల పంచాయితీ?" అని అడుగుతూ టీ బంకు ఆయన గ్లాసులు పెట్టి వెళ్ళేవాడు.

బావకు కొన్ని పట్టింపులుండేవి. ఏ కథనైనా చూసిన ఏడాదికి గానీ వరసలో పెట్టనిచ్చేవాడు కాదు. "వేడి మీద పెట్టిన వరస నిలవదురా" అనేవాడు. రెండింటిని ఒకే స్థానంలో పెడతానంటే ఒప్పుకునేవాడు కాదు. "తేల్చుకోలేకపోతే టీ తాగి తేల్చుకో" అనేవాడు.

ఆయన బతికేదే వరసల మీద. ఒకసారి నేనుండగానే ఒక నాయకుడి మనుషులు నలుగురు వచ్చారు.

"మా అన్న ఫొటో రెండోదెట్టా అయిందండి?"

"రెండోదైనా సైజు పెద్దదండి" అన్నాడు బావ.

"సైజు ఎవడికి కావాలండి. ముందుకు తీసుకురండి."

వాళ్ళు వెళ్ళాక నావైపు తిరిగాడు. "ఫొటో చిన్నది చేసినా ఊరుకుంటారు, వరస మారిస్తే ఊరుకోరు. నువ్వూ అంతే."

పిల్లల పుట్టినరోజు ఫ్లెక్సీల్లో వెనకాల ఎక్కడో ఒక రోబోను నిలబెట్టేవాడు. ఎవరూ అడక్కపోయినా పెట్టేవాడు. పెనుగంచిప్రోలు నుంచి ఒక పెద్దావిడ మనవరాలి మొదటి పుట్టినరోజుకి వేయించుకుని, విప్పి చూసి, "ఈ ఇనప రాక్షసుడెవడయ్యా మా పిల్ల ఎనకాల?" అంది.

"కాపలాకండి అమ్మా."

"మా కుక్క ఉందిగా కాపలాకి. తీసెయ్."

తీసేసి మళ్ళీ వేసిచ్చాడు. పాడైన ఫ్లెక్సీలను రైతులు మిర్చి కల్లాల మీద కప్పుకోటానికి పట్టుకెళ్ళేవాళ్ళు. ఆవిడ మనవరాలూ, వెనక రోబో, ఆ ఏడు ఎవరి కల్లంలోనో మిరపకాయల మీద పడుకున్నారు.

మా అసలు గొడవ 'చిన్నది' అనే కథ దగ్గర. చిన్నది అన్న పేరు మేం పెట్టుకున్నదే, చాలా కొద్ది భాగాలుంటాయి కాబట్టి. అందులో రోబో మొదట్లోనే ఒక ఊరి చివర కూలబడుతుంది. మళ్ళీ లేవదు. ఇటువైపు సైనికులొస్తారు, అటువైపు వాళ్ళొస్తారు, దాన్ని లేపటం ఎవరివల్లా కాదు. ఈలోపు ఊళ్ళోవాళ్ళు దాని చేతికి తాడు కట్టి బట్టలారేసుకుంటారు. అయిపోయింది కథ. బావ దాన్ని మొదట పెట్టేవాడు, నేను చివర పెట్టేవాణ్ణి.

"రోబో లేవకపోతే రోబో కథెట్టా అయిద్ది బావా?"

"లేస్తే ఏమైద్దో మిగతావాటిల్లో చూసాంగా."

"యుద్ధమే లేదుగా."

"నీ ఎడారిది మళ్ళీ చూడు. చచ్చిపోయినోళ్ళ పేరు ఒక్కటన్నా గుర్తుందేమో చెప్పు."

నాకు గుర్తులేదు. అయినా ఒప్పుకోలేదు.

నియమం ఆయన ఒక్కసారే దాటాడు. నిరుడు ఎండాకాలం, కంప్యూటర్ తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "మావయ్య మోకాలు ఎట్టా ఉంది?" అన్నాడు. మావయ్యంటే మా నాన్న. ఆ మోకాలి సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"పర్లేదు. మెట్లెక్కేటప్పుడే ఇబ్బంది."

"ఊఁ" అన్నాడు. మౌస్ బాణంతో ఎవరి ఫొటోనో పక్కకు జరిపాడు. "సరే, నీ మూడోది ఏదన్నావు?"

ఆయన పోయిన రోజు బస్సులోంచి నాన్నకు ఫోన్ చేశాను. బావ పోయాడని చెప్పాను. అటువైపు మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"ఎప్పుడు?"

"పొద్దున."

"నువ్వెళ్ళు" అని పెట్టేశాడు.

జగ్గయ్యపేటలో వాళ్ళింట్లోకి అడుగుపెట్టగానే అత్త తలెత్తి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసింది. తరవాత నావైపు చూసింది. మేనమామ లేకుండానే బావను తీసుకెళ్ళారు.

తరవాతి రోజుల్లో ఒకసారి చిన్నదాన్ని మళ్ళీ చూశాను. ఆయన పోయాడు కాబట్టి దాన్ని పైకి తెస్తే ఆయన ఒప్పుకోడు, ఏడాది ఆగమంటాడు. ఆగినా మొదటికి రాదనే అనుకుంటున్నాను. ఆ రోబో ఒక్కసారైనా లేస్తే బాగుండేదనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దకర్మకు ముందు రోజు అక్క ఫోన్ చేసింది. బావ భార్యను నేను అక్కా అంటాను. కొట్లో ఫొటోలు కత్తిరించే పని ఆవిడదే. బావ ఫ్లెక్సీ కూడా తనే చేస్తోంది.

"వేరేవాళ్ళకిస్తే ఆయన మొహం తెల్లగా చేసేస్తారు తమ్ముడూ" అంది. తరవాత అడగాల్సింది అడిగింది. "కింద చుట్టాల పేర్ల దగ్గర ఆగిపోయా. మేనమామ అని మీ నాన్నగారి పేరు ముందుండాలి. పెట్టనా?"

"అత్త ఏమంది?"

"పెట్టమనలా, వద్దనలా. పెట్టాక ఆయన రాకపోతే పేరు చూసినోళ్ళంతా అత్తయ్యని అడుగుతారు. పెట్టకపోతే ఇంక ఎప్పటికీ లేనట్టే. ఏం చెయ్యమంటావు?"

నాన్ననే అడిగి చెబుతానని ఊరెళ్ళాను. నాన్న అరుగు మీద కూర్చుని మందు కొట్టే పంపు నాజిల్ విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు. అక్క అడిగింది చెప్పాను.

"అదేమంది?" అన్నాడు, చెల్లెలి గురించి.

"ఏమీ అనలేదంట."

"అనదు."

నాజిల్లోకి ఊది చూశాడు. మళ్ళీ తుడిచాడు. కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను.

"వాడు ఏం చూస్తుండేవాడు, ఆ బొమ్మలేనా?" అన్నాడు.

"అవే."

"నువ్వు ఆదివారం ఆదివారం పోయేది అందుకేనా?"

"అందుకే."

ఆయనకు తెలుసని నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా వద్దనలేదు.

"పేరు ముందు పంపించి మనిషి తర్వాత పోవటం ఏంటి. బాగోదు. పేరు పెట్టొద్దని చెప్పు" అన్నాడు. నేను లేవబోతుంటే, "పొద్దున్నే బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

పెద్దకర్మ రోజు మేం వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. వీధి వైపు గుంజలకు ఫ్లెక్సీ కట్టారు. బావ మొహం ఎంత నలుపో అంత నలుపుగానే ఉంది. కింద పేర్లలో మేనమామ లేడు. నాన్న వీధిలోనే నిలబడి పై నుంచి కింద దాకా చదివాడు. లోపలికి అడుగు వెయ్యలేదు. నేను తొందరపెట్టలేదు.

ముక్త్యాల వైపు వెళ్ళే సిమెంటు లారీ ఒకటి దగ్గరగా పోయింది. ఆ గాలికి ఫ్లెక్సీ ఉబ్బి, కింది మూల తీగ తెగి, ఆ మూల పైకి లేచి కొట్టుకుంది. నాన్న కుంటుకుంటూ రెండడుగులు వేసి దాన్ని పట్టుకున్నాడు. షామియానా వాళ్ళు తీగ కోసం వెతుకుతున్నారు. చప్పుడుకి అత్త గుమ్మంలోకి వచ్చింది. చూసింది. చాలాసేపు అక్కడే ఉండి, మెట్లు దిగింది.

"వదిలెయ్ అన్నయ్యా. వాళ్ళు కడతారు" అంది.

"కట్టనీ" అన్నాడు నాన్న, ఆమె వైపు తిరక్కుండా.

వాళ్ళు కట్టారు. తీగ మెలితిప్పి, చివర వంచి వెళ్ళిపోయారు. నాన్న ఆ మూల వదల్లేదు. అత్త లోపలికి వెళ్ళలేదు.