చీటీ లేని పుట

మా గేజి రీడరు గారు పోయారన్న కబురు కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. పొద్దు పొడిచే వేళకు మా లస్కరు ఒకడు రొప్పుతూ వచ్చి, "అయ్యా, బాబాయి గేజి మెట్ల మీద పడున్నాడు. ఊపిరి లేదు. చెప్పొకటి పై మెట్టు మీదుంది, రెండోది కనపడలా" అన్నాడు.

ముప్పయ్యేళ్ళు ఆ మెట్లు దిగి కాలువలో నీటి మట్టం చూసి రాసిన మనిషి ఆయన. రిటైరైన తరువాత కూడా, ఎవరూ అడగకపోయినా, రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళు చూసి వచ్చేవారు. జారిపడ్డారని అందరూ అన్నారు. కాగితాల మీద కూడా అదే రాశారు. నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. ఆ మెట్లకు పాకుడు పట్టకుండా వారం వారం కొబ్బరి పీచుతో తోమింది ఆయనేనని మాత్రం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మన సంఘ పత్రిక చదివే మీలో చాలామందికి ఆయన "రికార్డు బాబాయి"గానే తెలుసు. కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కర్ల సంఘానికి ఆయన ఏనాడూ అధ్యక్షుడు కాదు, కార్యదర్శీ కాదు. మన కాగితాలు దాచిన మనిషి. కారంపూడిలో ఆయన ఇంటి వెనక గదిలో రెండు రేకు పెట్టెలు ఉండేవి. సమ్మె నోటీసులు, సస్పెన్షన్ ఆర్డర్లు, వచ్చిన ప్రతి మంత్రికీ మనం ఇచ్చిన మహజర్ల నకళ్ళు, ఎన్నికల కరపత్రాలు, ఎండిన వేపాకు నడుమ వరసగా ఉండేవి. సభలో ఓడిపోయిన తీర్మానాలను కూడా ఆయన పారేయనిచ్చేవారు కాదు. "గెలిచింది గోడ మీద ఉంటది అబ్బాయ్. ఓడింది మనం దాచకపోతే యాడుంటది?" అనేవారు.

ఆ పెట్టెలలో అన్నిటికంటే బరువైనది చీటీల పుస్తకం. మన కాలువల మీద పనిచేసినవారికి చెప్పనక్కరలేదు, తెలియనివారి కోసం చెబుతున్నాను. ఫలానా వారి పొలాలకు నీళ్ళు వదలమని పెద్దమనుషులు లస్కర్లకు కబురు పెట్టేవారు. చివరి భూములు ఎండి రైతులు తిరగబడితే, ఆ కబురు పంపిన నోరు ఎవరిదో ఎవరికీ గుర్తుండేది కాదు. ఉద్యోగం మాత్రం లస్కరుది పోయేది. అందుకని చీటీ లేనిదే షట్టరు లేపవద్దని బాబాయి సంఘం చేత తీర్మానం చేయించారు. వచ్చిన ప్రతి చీటీనీ తెప్పించుకుని, మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, ఒక్క అంచుకు మాత్రమే రాసి అతికించేవారు. కాగితం తలుపులా తెరుచుకునేది. పక్కన తేదీ, వేళ, ఆనాటి నీటి మట్టం రాసేవారు.

రెండు వైపులా ఎందుకు కనపడాలని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి ఒక చీటీ తిప్పి చూపారు. అది ఒక పార్టీ కరపత్రం వెనక రాసిన ఆజ్ఞ. మరి నాలుగు పుటల తరువాత, రాష్ట్రంలో ప్రభుత్వం మారిన ఏడాది నాటి చీటీ. అది ఇంకో పార్టీ కరపత్రం. రెండింటి మీదా చేతిరాత ఒక్కటే.

"గుర్తు మారింది, చెయ్యి మారలా. చూశావా?" అన్నారు. తరువాత నవ్వు ఆపి, "ఇది చూసినట్టు యాడా అనమాక" అన్నారు.

ముప్పయ్యేళ్ళ వయసు దాటాక నేను పలక పట్టడానికి కారణం ఆయనే. "చదవడం రాని లస్కరు చేతిలో చీటీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పోరా నరసరావుపేట, రాత్రి బడికి" అని తరిమారు. నేను వెళ్ళాను, పాసయ్యాను, వర్కు ఇనస్పెక్టరునయ్యాను. ఆ మాట చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. అయితే ఆ చదువుతో నేను చేసిన మొదటి పెద్ద పని ఏమిటో చెప్పకుండా ఆయనను స్మరించుకునే అర్హత నాకు లేదు.

నాలుగేళ్ళ కిందటి సంగతి. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కడుతున్న వారం. ఈపూరు వైపు మైనరు కాలువ చూసే లస్కరు మధ్యాహ్నం నా దగ్గరికి చీటీ తెచ్చాడు. అతనికి అక్షరం రాదు. "అన్నా, కాస్త చదివి పెట్టు. పెద్దాయన మనిషి ఇచ్చి పోయాడు" అన్నాడు. ప్రభల చందా కరపత్రం వెనక రాసి ఉంది. షట్టరు పూర్తిగా ఎత్తాలని, తెల్లారేదాకా దించవద్దని, ఏం జరిగినా తాము చూసుకుంటామని. గట్టు బలహీనంగా ఉందని మా ఇద్దరికీ తెలుసు. నేను ఉచ్చారణ దోషం లేకుండా, గొంతు సవరించుకుని చదివాను. అతను వెళ్ళి షట్టరు ఎత్తాడు. చీటీ నా జేబులో ఉండిపోయింది.

తెల్లవారేసరికి గట్టుకు గండి పడింది. దిగువన మిరప కల్లంలో కాపలా పడుకున్న ముసలాయన కొట్టుకుపోయాడు.

ఆ ఉదయమే ఒక జీపు మా క్వార్టరు ముందు ఆగింది. దిగిన మనిషి నా ముందు నిలబడి, "ఇనస్పెక్టరు గారూ, మీరు చదువుకున్నోళ్ళు, మీకు నేను చెప్పేదేముంది. ఆ ముక్క ఇట్టా ఇవ్వండి" అన్నాడు. అంతవరకు నన్ను "గారు" అన్నవారు లేరు. భయపడి ఇచ్చానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్న మాట నిజమే. కాని నా చేయి జేబులోకి వెళ్ళింది ఆ "గారు" విన్న తరువాతే.

ఈపూరు లస్కరు ఉద్యోగం పోయింది. ముసలాయన చావుకు బాధ్యుడని కేసు కూడా పెట్టారు. వారం తరువాత బాబాయి పుస్తకం తెరిచి జిగురు పక్కన పెట్టుకుని అడిగారు.

"చీటీ యాడబ్బాయ్?"

"తడిసిపోయింది బాబాయ్."

"నీళ్ళల్లో బతికేవాళ్ళం. తడిసిన కాగితం ఆరేసుకోవడం మనకు రాదా?"

ఆయన జిగురు గిన్నె పక్కకు జరిపారు. మళ్ళీ అడగలేదు. అప్పటినుంచి చివరి వరకు నన్ను ఇంటికి పిలిచారు, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించారు, సంఘం కాగితాలు నా చేతనే చదివించుకున్నారు. ఆ క్షమ కంటే నాలుగు తిట్లు తేలికగా ఉండేవి.

కేసు ఇన్నాళ్ళు వాయిదాల మీద నడిచి, చివరకు సాక్షుల దాకా వచ్చింది. నరసరావుపేట కోర్టులో వచ్చే నెల బాబాయి ఆ పుస్తకంతో నిలబడి చెప్పవలసి ఉంది. పెద్దల చీటీల మీదే షట్టర్లు లేచేవని ఆయన చెబితే ఈపూరు లస్కరుకు ఒక దారి దొరికేది. లేకపోతే అతనికి జైలే. ఇంతలో ఆ మెట్లు.

పెద్దకర్మ నాడు భోజనాలు ముగియకముందే అదే జీపు వాకిట్లో ఆగింది. అదే మనిషి, కాస్త లావెక్కాడు. మా పిన్నితో, "పాత కాగితాలు ఇంట్లో దేనికమ్మా, చెదలు పడతాయి. మేం పట్టుకుపోతాంలే" అన్నాడు.

పిన్ని కళ్ళు తుడుచుకోలేదు. "నలభై ఏళ్ళు చెదలు రానియ్యలా ఆయన. నిన్నెట్టా రానిచ్చాడో మరి" అంది. పంక్తిలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

అతను నావైపు తిరిగాడు. "ఏం ఇనస్పెక్టరు గారూ, మీరన్నా చెప్పండి. చదువుకున్నోళ్ళు."

అదే మాట. నేను విస్తరి ముందు నుంచి లేచి, "పెట్టెలు ఇక్కడ లేవు" అన్నాను. నిజమే. ముందురోజే పిన్ని వాటిని మిరపకాయల గోనె టిక్కీల కింద పెట్టి బండి మీద మా ఇంటికి పంపింది. అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "గేజి చూడటం ఇప్పుడు మీ పనంట గదా. మెట్లు జాగర్త" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి, ఈపూరు చీటీ వచ్చిన నాటి పుట తెరిచి చూశాను. తేదీ ఉంది, వేళ ఉంది, నీటి మట్టం ఉంది. చీటీ ఉండవలసిన చోట గీతలతో ఖాళీ గడి గీసి, బాబాయి తన గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఇక్కడ ఒక చీటీ ఉండాలి. చదివినవాడు ఉన్నాడు." నా పేరు రాయలేదు. ఆ చోటు నాకు వదిలిపెట్టారు.

నిన్న నేను ఆ చీటీలోని మాటలన్నీ, దాన్ని తెచ్చినదెవరో, పంపినదెవరో, తీసుకుపోయినదెవరో నా చేతిరాతతో రాసి సంతకం చేశాను. ఆ పేర్లు ఈ పత్రికలో అచ్చు వేయడం లేదు, అవి కోర్టువారి కోసం. వచ్చే నెల ఆ పుస్తకం పట్టుకుని నేను నిలబడతాను. ఏ కారణం చేతనైనా నేను అక్కడికి చేరకపోతే, చీటీ ఉన్నమాట, నేను చదివినమాట, నేనే ఇచ్చివేసినమాట వాస్తవమని ఈ రాతను సాక్ష్యంగా తీసుకోండి. ఇది అచ్చయ్యేసరికి పుస్తకం మా ఇంట్లో ఉండదు, ఎక్కడుందో పిన్నికి తెలుసు.

ఈ ఉదయం మట్టం చూడటానికి వెళితే, షట్టరు ఊచలకు బాబాయి రెండో చెప్పు చిక్కుకుని ఉంది. తీసి, నీళ్ళు దులిపి, పై మెట్టు మీద ఇన్నాళ్ళూ ఎవరూ తీయని మొదటి దాని పక్కన పెట్టాను. ఇంటికి వచ్చి మైదా ఉడికించి, మైలుతుత్తం కలిపి, నా కాగితాన్ని ఒక్క అంచుకే అతికించాను. పుట వాకిట్లో ఎండలో తెరిచి ఉంది, జిగురు ఇంకా ఆరలేదు. అవతలి గట్టు మీద జీపు ఆగి ఉంది. ఎవరూ దిగడం లేదు. ఇంజను చప్పుడు నీళ్ళ మీదుగా ఇక్కడి దాకా వినిపిస్తోంది.