స్రవంతికి ఓటొచ్చింది

2021 సెప్టెంబరు. కెనడాలోని మిస్సిసాగాలో ఒక ప్లాజాలో, ఇండియన్ గ్రోసరీకీ పళ్ల డాక్టరుకీ మధ్యన ఉన్న న్యూకమర్ సెంటర్‌లో నేను సెటిల్‌మెంట్ కౌన్సెలర్‌ని. దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకి హెల్త్ కార్డు ఎలా తీసుకోవాలి, పిల్లల్ని ఏ స్కూల్లో వేయాలి, రెజ్యూమె ఎలా రాయాలి, ఇవన్నీ చెప్పడం నా ఉద్యోగం. కోవిడ్‌కి మూసిన తలుపులు అప్పుడప్పుడే తెరిచాం. మాస్కులోంచి మాట్లాడితే ఎవరికీ వినపడేది కాదు, అందుకని అరిచేదాన్ని. ఇంట్లో కూడా అలాగే అరుస్తున్నానని మా ఆయన గోల.

మా పనిలో మొదటి మెట్టు ఎలిజిబిలిటీ చెక్. ఎదురుగా కూర్చున్న మనిషి పర్మనెంట్ రెసిడెంట్, అంటే పీఆర్ అనో, శరణార్థి అనో ప్రూఫ్ చూపిస్తేనే సిస్టమ్‌లో ఫైలు తెరుచుకుంటుంది. మా జీతాలు, అద్దె, కుర్చీలు, ఆఖరికి ఎప్పుడూ పాడైపోయే ఆ ప్రింటరు కూడా ఫెడరల్ ఫండింగే. డబ్బు వాళ్లది, షరతు వాళ్లది. స్టడీ పర్మిట్ మీద ఉన్నవాళ్లూ, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లూ ఆ షరతులోకి రారు. ఆ ఏళ్లలో మా వైపు ఏ బస్సెక్కినా తెలుగే వినపడేది, బ్యాక్‌ప్యాకులు తగిలించుకున్న పిల్లలు రోజూ మా తలుపు తోసుకుని వచ్చేవాళ్లు. "సారీ నాన్నా, మేము చూడకూడదు" అని రెండు వెబ్‌సైట్ల పేర్లు చెప్పి పంపేదాన్ని. కొంతమంది "థ్యాంక్యూ ఆంటీ" అని వెళ్లేవాళ్లు. ఆ ఆంటీ అన్నందుకు మాత్రం ఒళ్లు మండేది.

స్రవంతి అక్కా అంది. అందుకే నిలబడి విన్నానేమో, చెప్పలేను. సూర్యాపేట దగ్గర ఊరు, ఇక్కడ కాలేజీ అయిపోయి మందుల ప్యాకింగ్ చేసే గోడౌన్‌లో పని. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కార్డు, ఎంత జాగ్రత్తగా పట్టుకుందంటే పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చిందేమో అనుకున్నాను.

"అక్కా, నాకు ఓటొచ్చింది!"

అది వోటర్ ఇన్ఫర్మేషన్ కార్డు. ఎన్నికలప్పుడు పేరు, అడ్రసు, ఎక్కడికెళ్లి ఓటు వేయాలో రాసి పోస్టులో పంపుతారు. ఆ నెలలోనే ఫెడరల్ ఎన్నికలు.

"నా లైసెన్స్ మీద పాత అడ్రస్ ఉంది. ఓటెయ్యనిస్తరా? ఇక్కడ వేలికి సిరా పెడతరా అక్కా?"

"సిరా గిరా ఏమీ ఉండదు. ఇదీ, లైసెన్సూ కలిపి చూపిస్తే..." అని చెప్పుకుపోతూ ఆగాను. "నువ్వెప్పుడొచ్చావు ఇక్కడికి?"

"రెండేండ్లయింది."

"రెండేళ్లకి సిటిజన్‌వి ఎలా అయ్యావమ్మా? నాకు ఆరేళ్లు పట్టింది."

"కాలేదక్కా. వర్క్ పర్మిట్. వచ్చే నెల పీఆర్‌కి అప్లై చేద్దామనుకుంటున్న." కార్డు నావైపు తిప్పింది. "కానీ గవర్నమెంటే పంపింది కదా."

ఇక్కడ ఓటు సిటిజన్లకే. సిటిజన్ కానివాళ్లు తెలిసి వేస్తే నేరం. అలాంటిది పీఆర్ అప్లికేషన్ పెట్టే ముందు చేస్తే ఆ పిల్ల బతుకంతా ఏమవుతుందో ఊహించుకోండి. లోపలికి రమ్మని కుర్చీ చూపించాను.

మరి ఆ కార్డు ఎలా వచ్చింది? ఇది తేలకపోతే నాకు అన్నం సయించేలా లేదు. నేను ఊహించగలిగింది ఒక్కటే దారి, ట్యాక్స్ రిటర్న్. మొదట్లోనే మీరు సిటిజనా అని ఒక ప్రశ్న, అవునంటే మీ వివరాలు ఎన్నికల ఆఫీసుకి ఇవ్వమంటారా అని రెండో ప్రశ్న ఉంటాయి. రెండింటికీ యెస్ కొడితే పేరు ఓటర్ల రిజిస్టర్‌కి వెళ్లిపోతుంది. పాస్‌పోర్టు చూపించమని ఎవరూ అడగరు. నీ మాట, నీ సంతకం, అంతే.

"ట్యాక్స్ ఎవరు చేశారు నీకు?"

"మూర్తి అంకుల్."

మూర్తి అంకుల్ మాకందరికీ తెలిసినాయనే. రిచ్‌మండ్ హిల్‌లో ఇల్లు, టొరంటోలో ఐటీ ఉద్యోగం, ఎప్పుడో సిటిజన్ అయిపోయారు. ట్యాక్స్ సీజన్‌లో ఆదివారాలు స్టూడెంట్లని ఇంటికి పిలిచి, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి, పైసా తీసుకోకుండా రిటర్న్‌లు చేసి పెట్టేవారు. ఆంటీ పులిహోర కలిపి అందరికీ పెట్టేది. బంగారంలాంటి మనుషులు, అందులో సందేహం లేదు.

"ఆయన యెస్ కొడుతుంటే నువ్వు చూడలేదా?"

"చూసిన."

"చూసి?"

"పెద్దాయన కదక్కా. ఆయన ఇంట్ల కూసొని, ఆయన పెట్టింది తినుకుంట, అంకుల్ మీరు తప్పు కొట్టిండ్రు అని ఎట్లంటం? ఇక్కడి రూల్స్ నాకే తెల్వదేమో అనుకున్న. తర్వాత ఈ కార్డొచ్చింది. ఇగ నిజమే అనుకున్న."

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఈ తప్పు మనవాళ్లు తప్ప ఇంకెవరు చేస్తారు చెప్పండి? ఇంకో దేశం పిల్లయితే అక్కడికక్కడే "నో, నో" అని అరిచుండేది. మనకేమో పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పడం కంటే దేశపౌరులైపోవడం తేలిక.

"అయినా ఎవరో ఒకరు చూసే ఉంటరు కదా అక్కా?" అంది మెల్లిగా. "మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. ఓటరు లిస్టు పని కూడా ఆమెదే. ఇంటింటికీ పోయి, సచ్చిపోయినోళ్ల పేర్లు తీసి, కొత్త కోడండ్ల పేర్లు ఎక్కిస్తది. ఇంటికి రాకుంట, అడగకుంట పేరెట్ల ఎక్కుతది?"

అప్పుడర్థమైంది నాకు. లిస్టులో పేరుందంటే ఒక మనిషి తలుపు కొట్టి, మొహం చూసి రాసిందని ఆమె లెక్క. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి ఆ కార్డు మీద అనుమానం ఎందుకొస్తుంది?

మా మేనేజర్ లూసియా దగ్గరకెళ్లి విషయం చెప్పాను. మంచి మనిషి, కానీ ఆడిట్ అంటే హడల్. "ఫైలు తెరవలేం, నీకు తెలుసు" అంది. "తెలుసు. అందుకే లంచ్ బ్రేక్ తీసుకుంటున్నా" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "చిన్న మీటింగ్ రూమ్ ఖాళీగా ఉంది" అని తన కంప్యూటర్ వైపు తిరిగిపోయింది.

ముందు మూర్తి అంకుల్‌కి ఫోన్ చేశాను. "ఏమ్మా, ఇది ట్యాక్స్ టైమ్ కాదే!" అని నవ్వుతూ ఎత్తారు. సంగతి చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

"అయ్యయ్యో! మా ఇంట్లోవాళ్లకి ప్రతి ఏడూ కొట్టినట్టే కొట్టేశానమ్మా. చెయ్యి దానంతటదే వెళ్లిపోయుంటుంది. ఇంకా ఎంతమందికి కొట్టానో ఏమిటో!"

"అంకుల్, పులిహోర పెట్టినంత సులువా పౌరసత్వం పెట్టడం?" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. పాపం పెద్దాయన, ఆ వారాంతంలో తాను రిటర్న్ చేసిన ప్రతి స్టూడెంట్‌కీ స్వయంగా ఫోన్ చేసి, రిటర్న్‌లు సరిచేయించారు. ఇంకొందరికి కూడా కార్డులు వచ్చాయట. దేవుడి దయ, ఎవరూ ఓటు వేయలేదు. ఒకడైతే అది క్రెడిట్ కార్డు వాళ్ల ప్రకటన అనుకుని చెత్తలో పారేశాడట.

తర్వాత ఎన్నికల ఆఫీసుకి ఫోన్. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక కుర్రాడు ఎత్తాడు. స్రవంతి మాటకొక సర్ తగిలిస్తూ చెప్పింది. నేను సిటిజన్ కాదు సర్, పొరపాటున పేరొచ్చింది సర్, తీసేయండి సర్. అతను పేరు, పుట్టినతేదీ, అడ్రసు అడిగాడు. సంతకం చేసిన కాగితం ఒకటి పంపమన్నాడు, పంపాం. "చెప్పినందుకు థ్యాంక్స్" అన్నాడు, అంతే. పేరు ఎక్కేటప్పుడూ ఎవరూ ప్రూఫ్ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. నేను లాయర్ని కాదని ఆమెకి ముందే చెప్పాను. కానీ ఈ కాగితాలన్నీ దాచుకో, పీఆర్ ఫైల్ చేసేముందు తెలిసిన లాయర్‌కి ఒకసారి చూపించు అని మరీ మరీ చెప్పి పంపాను.

ఇదంతా మొన్న డాలస్‌లో ఉండే మా మరిదికి చెప్పాను. వాళ్ల దగ్గర ఓటరు నమోదుకి సిటిజన్‌షిప్ ప్రూఫ్ అడగని రాష్ట్రాలకి ఫెడరల్ డబ్బు ఆపేయాలని కొందరు అంటున్నారట. "మంచిదే కదా వదినా. మీ స్రవంతి సంగతే చూడండి. మొదట్లోనే ప్రూఫ్ అడిగుంటే ఆ పిల్లకి ఇంత భయం ఉండేదా?" అన్నాడు.

నిజమే. ఆ మాట ఒప్పుకున్నాను. పాస్‌పోర్టు నంబర్ అడిగుంటే మూర్తి అంకుల్ చెయ్యి అక్కడే ఆగిపోయేది.

"కానీ డబ్బుకీ ప్రూఫ్‌కీ ముడి పెడితే ఏమవుతుందో నాకూ కొంచెం తెలుసయ్యా. రోజూ ఆ ముడి మీదే కూర్చుని ఉద్యోగం చేస్తున్నా. ఆ రోజు నేను రూలు ప్రకారం ముందు ప్రూఫ్ అడిగుంటే ఏమయ్యేది? పీఆర్ లేదు కదా, సారీ అనేదాన్ని. ఆ పిల్ల కార్డు పట్టుకుని సరాసరి పోలింగ్ స్టేషన్‌కి పోయేది."

"అయితే ఏది కరెక్టంటారు?" అన్నాడు మరిది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నేను చూసింది ఒక్క పిల్లని. పెద్ద పెద్ద లిస్టులు ఎలా నడపాలో చెప్పే చదువు నాకు లేదు.

అయితే ఆ మీటింగ్ రూమ్‌లో చివర జరిగింది అతనికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఎన్నికల ఆఫీసు ఫోన్ పెట్టేశాక స్రవంతి వాళ్లమ్మకి వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే అన్నాలు తిని కూర్చున్నారు. పిల్ల భయపడుతూ భయపడుతూ జరిగిందంతా చెప్పింది. తిడుతుందేమో అనుకున్నాను. ఆవిడ ముందు అడిగింది ఇది:

"అక్కడ లిస్టు రాసెటోళ్లు ఇంటికి రారా బిడ్డా? మరి ఎట్ల తెలుస్తది?"

రారండీ, మనిషి చెప్పిన మాట నమ్ముతారు అన్నాను నేను. ఆవిడ ఆశ్చర్యంగా బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "నమ్ముతరా! మంచిగనే ఉంది. కానీ భయం గూడ ఉంటది." తర్వాత కూతురితో, "పేరు తీపిచ్చినవు, మంచి పని చేసినవు. తప్పు పేరు లిస్టుల ఉండొద్దు" అంది.

స్రవంతి కళ్లు తుడుచుకుని నవ్వబోయింది. "పోనీలే. ఊర్ల నా ఓటు ఉంది కదా."

నెట్ పోయిందనుకుని నేను వైఫై చూస్తున్నాను.

"లేదు బిడ్డా," అంది వాళ్లమ్మ. "పోయినేడు లిస్టు చూసేటప్పుడు తీసేసిన. ఊర్ల ఉండనోళ్ల పేర్లు తియ్యమన్నరు. అందరియి తీసి నా బిడ్డది ఉంచుకుంటే రేపు ఊర్ల ఎవరికి మొహం చూపిత్త? ఆ కాగితం ఎన్ని దినాలు సంచిల పెట్టుకొని తిరిగిన్నో. ఆఖరికి నేనే సంతకం పెట్టిన. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

స్రవంతి ఏడవలేదు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు పెట్టాల్సిందేనే అమ్మా, ఇంకెవలు పెడ్తరు" అంది. నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాస్కు పైకి లాక్కుని దాంతోనే తుడుచుకున్నాను.

ఓటర్ల లిస్టుల గురించి నేను నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. నా ఉద్యోగం గురించి మాత్రం ఒకటి నేర్చుకున్నాను. ఎలిజిబిలిటీ చెక్ ఇప్పటికీ చేస్తాను, చేయకపోతే జీతం రాదు. కాకపోతే అది రెండో ప్రశ్న. తలుపు తోసుకుని ఎవరొచ్చినా మొదట అడిగేది, "ఏమైందమ్మా?" అని.