తాళాలు వేసిన వీధిలో మహాదేవి

ఆదోనిలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఆడమనిషి మహాదేవి ఒక్కతే. వయసు నలభై ఒకటి. పుట్టింది తుగ్గలి దగ్గర ఒక పల్లెలో. పంతొమ్మిదో ఏట పెళ్లయింది. పిల్లలు కలగలేదని ఇరవై ఆరో ఏట మొగుడు ఇంకొకామెను చేసుకున్నాడు. మహాదేవి గొడవ పడలేదు. బట్టల సంచి పట్టుకుని ఆదోనికి వచ్చి, లక్ష్మప్ప స్టూడియోలో ఆల్బమ్‌లు అతికించే పనికి కుదిరింది. కొన్నాళ్లకు ఎడిటింగ్ నేర్చుకుంది, తర్వాత కెమెరా పట్టింది. పెళ్లికూతురిని తయారుచేసే గదిలోకి మగవాళ్లను రానివ్వరు కాబట్టి ఆ గదిలో పని ఎప్పుడూ ఆమెదే.

పదిహేనేళ్లలో ఎన్ని వందల పెళ్లిళ్లు తీసిందో ఆమెకే లెక్క లేదు. భోజనానికి ఎప్పుడూ ఆఖరి బంతే. అప్పటికి వడ్డించేవాళ్లు కూడా అలసిపోయి ఉంటారు, పక్క కుర్చీలు ఖాళీగా ఉంటాయి. తిని, బ్యాగు భుజాన వేసుకుని, పత్తి మిల్లుల వెనక ఉన్న తన ఒంటిగదికి వచ్చేది. పెళ్లి సందడి చెవుల్లో ఇంకా మోగుతుంటే గది మరీ నిశ్శబ్దంగా ఉండేది.

పెళ్లి వీడియోలో ఏ షాటూ నాలుగైదు సెకండ్లకు మించి ఉండదు. తలంబ్రాలు, నవ్వు, పాట, మళ్లీ నవ్వు. ఒక మనిషి ముఖాన్ని తీరిగ్గా చూస్తూ ఉండే అవకాశమే ఉండదు. ఆ లోటు ఆమెను చాలా కాలంగా పీడిస్తూ ఉంది. బళ్లారిలో షార్ట్ ఫిల్మ్‌లు తీసి మానేసిన విజయ్ అనే కుర్రాడు తన చిన్న సినిమా కెమెరాను అమ్ముతున్నాడని తెలిసి, వెళ్లి కొనుక్కొచ్చింది.

లక్ష్మప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇది పెండ్లిళ్లకు పనికిరాదు మహాదేవీ. దీని ఫోకస్ నమ్మితే మునిగిపోతాం. మనిషి కదిలితే బొమ్మ మసకైపోతాది. బ్యాటరీ అరగంట గూడా రాదు. ఏం జేస్తావు దీంతో?"

"పెండ్లిళ్లకు కాదులేన్నా," అంది. దేనికో ఆమెకూ తెలియదు.

ఆదివారాలు గదిలో కూర్చుని దాన్ని నేర్చుకుంది. బల్ల మీద చెంబు పెట్టి, కిటికీ వెలుగులో చేత్తో లెన్స్ తిప్పుతూ ఫోకస్ పట్టేది. అది తీసిన బొమ్మ మొదట చప్పగా, రంగు వెలిసినట్టు కనిపించేది. కంప్యూటర్‌లో పెట్టి నెమ్మదిగా రంగు తెస్తే, చెంబు అంచున ఉన్న సొట్టలో నీడ కూడా విడిగా తెలిసేది. చూపించడానికి పక్కన ఎవరూ లేరు. మళ్లీ చెంబును కాస్త జరిపి తీసేది.

ఆ ఏడాది నవంబరులో గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో పుష్ప అనే అమ్మాయి పెళ్లి తీసింది. మూడు వారాల తర్వాత పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి ఎమ్మిగనూరులో బస్సు మారి ఆ ఊరికి వెళ్లింది. వీధిలో అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. ఏ తలుపు చూసినా తాళమే. పెళ్లిలో ఊపిరాడనంత మంది ఉన్న వీధిలో ఇప్పుడు కోళ్లు తప్ప కదిలేవి లేవు.

వీధి చివర అరుగు మీద ఒక ఆవిడ కూర్చుని ఎడమచేత్తో చీపురు కట్టుకుంటోంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగి బిగుసుకుపోయి ఉంది.

"యాడికి పోయినారక్కా అందరూ?"

"సుగ్గికి పోయినారు పాపా. గుంటూరు సైడు మిరపకాయలు కొయ్యను. పది దినాలాయ. మల్ల ఉగాదికే వచ్చేది."

పల్లెలు పల్లెలే కూలికి వలస పోవడాన్ని ఆ ప్రాంతంలో సుగ్గి అంటారు. మహాదేవికి తెలియని మాట కాదు. కానీ అలా ఖాళీ అయిన వీధిని చూడటం అదే మొదలు.

"పెండ్లికూతురు గూడానా?"

"గోరింటాకు పోకముందే పాయ. కొత్తగా పెండ్లయినోళ్లకు కడుపు కాలదా?"

ఆవిడ పేరు వీరమ్మ. యాభై దగ్గర పడిన వయసు. మొగుడు చనిపోయి చాలా ఏళ్లయింది. ఒకప్పుడు ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేస్తుంటే యంత్రంలో పడి చెయ్యి పాడైంది. ఒంటిచేత్తో మిరపకాయలు కొయ్యలేదని ఏ మేస్త్రీ ఆమెను లారీ ఎక్కించుకోడు. అందుకే ఊరంతా తాళాలు ఆమెకిచ్చి పోతారు. ముప్పై నాలుగు ఇళ్ల తాళంచెవులు. ఏది ఎవరిదో గుర్తుకోసం ఒక్కోదానికి ఒక్కో రంగు చీర పేలిక కట్టి ఉంది.

పెన్‌డ్రైవ్ ఆవిడకే ఇచ్చి, మహాదేవి ఆ పేలికల్ని చాలాసేపు చూసింది. ఆ మరుసటి వారం కెమెరాతో వచ్చింది.

మొదటిరోజు ఏదీ సరిగా రాలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆకాశం తెల్లకాగితంలా వచ్చింది. గాలి మైకులోకి దూరి వీరమ్మ మాటలన్నీ మింగేసింది. రెండు బ్యాటరీలూ గంట తిరక్కముందే అయిపోయాయి, ఆరోజు ఊళ్లో కరెంటు లేదు. ఖాళీ కెమెరా ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం రెండు గంటలు రోడ్డు మీద కూర్చుంది.

ఆదోనికి వచ్చి హైదరాబాదులో సామాన్లు అమ్మే ఒక షాపుకు ఫోన్ చేసింది. వాళ్లు చాలా చెప్పారు. కెమెరా చుట్టూ బిగించే ఇనుప చట్రం, భుజానికి ఆనించుకునే కడ్డీలు, లెన్స్ ముందు పెట్టే నల్లటి డబ్బా, పెద్ద మానిటర్, నడిచినా బొమ్మ కదలకుండా ఉంచే గింబల్. విజయ్‌కి ఫోన్ చేస్తే, అతను తన దగ్గర మిగిలినవన్నీ కొన్నాళ్లు వాడి చూడమని పంపాడు.

అన్నీ బిగించేసరికి చిన్న కెమెరా కాస్తా తూకం మిషన్ అంత అయింది. దాన్ని భుజాన పెట్టుకుని వీధిలోకి వెళ్తే కుక్కలు వెంటపడి మొరిగాయి. వీరమ్మ దాన్ని చూసి లోపలికి పోయి పట్టుచీర కట్టుకొచ్చింది. వంకర చేతిని కొంగు కింద దాచుకుని, గోడకు ఆనుకుని, బిర్రుగా నిలబడింది.

"అట్ల కాదక్కా. నువ్వు రోజూ ఎట్లుంటావో అట్లుండు."

"అంతపెద్దది మీద పెట్టి రోజూ మాదిరి ఉండమంటే ఎట్లుంటాది పాపా?"

మహాదేవికి ఆ మాట నిజమే అనిపించింది. అక్కడే అరుగు మీద కూర్చుని స్క్రూలన్నీ ఊడదీసింది. కడ్డీలు, డబ్బా, మానిటర్ మళ్లీ సంచిలోకి పోయాయి. ఆ సాయంత్రం ఒక్కొక్క వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది లేకపోతే ఏమవుతుంది అని తనను తాను అడిగింది. ఎండను తగ్గించే నల్ల అద్దం ఉండాల్సిందే, అది లేకపోతే ఆకాశం ఉండదు. మైకుకు బొచ్చు తొడుగు కావాలి. పెద్ద బ్యాటరీ కావాలి, కానీ దాన్ని కెమెరాకు తగిలించకుండా నడుముకు కట్టుకుని వైరు లాగితే కెమెరా తేలిగ్గా ఉంటుంది. రికార్డు చేయడానికి అగ్గిపెట్టె అంత డిస్క్. లెన్స్ ఒక్కటే, పాతది, దూరాన్ని దగ్గరకు లాగలేనిది. దగ్గరగా చూడాలంటే మనిషి దగ్గరకు పోయి కూర్చోవాల్సిందే. గింబల్ వద్దనుకుంది. తను నడవదు, కూర్చుంటుంది.

అలా జనవరి, ఫిబ్రవరి గడిచాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో తెల్లవారి బస్సుకు వెళ్లేది. వీరమ్మ రోజుకు ఐదారు ఇళ్లు తెరిచేది. చిమ్మేది, ఎలుకలు చూసేది, చెదలు పట్టాయేమోనని గోడలు తట్టి చూసేది. శుక్రవారం దేవుడి గూట్లో దీపం పెట్టేది. ఏసన్న, భీమక్కల ఇంట్లో ఏసుప్రభువు క్యాలెండరు దుమ్ము తుడిచి కొవ్వొత్తి వెలిగించేది. కెమెరాను చూడటం ఎప్పుడు మానేసిందో ఇద్దరికీ తెలియలేదు.

ఒకరోజు పుష్ప అత్తగారింట్లో చిమ్మడం అయ్యాక వీరమ్మ నేల మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. మహాదేవితో కాదు.

"ఏమే పుష్పా, ఆడ నీళ్లు పడినాయా నీకు? చేతులు మండుతాండాయా? కొబ్బరినూనె పూసుకో. మీ అత్త ఏమన్నా అంటే పట్టించుకోవద్దు, నోరు మంచిది కాదు గాని మనసు మంచిదే. మీ ఎర్రకోడి గుడ్లు పెట్టడం నిలిపేసింది, నామీద కోపం సేసుకోవద్దు..."

పదకొండు నిమిషాలు మాట్లాడింది. మహాదేవి కెమెరా ఆపలేదు. తన గదిలో ఇలా పిలుచుకుని మాట్లాడటానికి తనకు ఒక్క పేరైనా లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

మార్చి మొదట్లో వీరమ్మకు జ్వరం వచ్చింది. మహాదేవి వెళ్లేసరికి అరుగు మీద ముడుచుకుని ఉంది. ఆటో మాట్లాడి ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోతే, వారం ఉంచాలన్నారు. దేవనకొండలో ఉన్న వీరమ్మ చెల్లెలు హనుమంతమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. అయినా వీరమ్మకు నిద్ర పట్టలేదు.

"పాపా, తాళాలు..."

"నేను సూసుకుంటాలే అక్కా."

లక్ష్మప్పకు ఫోన్ చేసి ఒక పెళ్లి వీడియో పని వదులుకుంది. ఏడు రోజులు ఆ వీధిలో ఒక్కతే ఉంది. రంగు పేలికలు చూసి తలుపులు తీసింది, చిమ్మింది, కోళ్లకు గింజలు చల్లింది. కెమెరా సంచిలోనే ఉంది. ఎవరి ఇంట్లోనో ఎవరి పెళ్లి ఫొటో కిందో కూర్చుని రొట్టె తినేది. వాటిలో రెండు మూడు ఫొటోలు తను తీసినవే. మాట్లాడి చూద్దామని ఒకసారి నోరు తెరిచింది. ఏమనాలో తోచక లేచి చీపురు పట్టుకుంది.

నాలుగోరోజు వీరమ్మ తన దగ్గర వదిలివెళ్లిన ఫోన్ మోగింది. గుంటూరు వైపు నుంచి భీమక్క.

"వీరమ్మక్క కాదా? ఎవురమ్మా నువ్వు?"

"అక్క ఆసుపత్రిలో ఉంది. బాగైతాంది, బయపడొద్దు. నేను తాళాలు సూసుకుంటాండా."

"మా ఇల్లు బాగుందామ్మా?"

"బాగుంది. నిన్న కొవ్వొత్తి ఎలిగించినా."

"సల్లగుండు తల్లీ," అని పెట్టేసింది భీమక్క.

ఉగాదికి రెండు రోజుల ముందు లారీలు వచ్చాయి. వీధి మళ్లీ పిల్లలతో, బిందెలతో నిండిపోయింది. కోలుకున్న వీరమ్మ పేలికలు చూసి ఎవరి తాళం వాళ్లకిచ్చింది. పండగ మరునాడు మహాదేవి నలభై నిమిషాల సినిమాను ల్యాప్‌టాప్‌లో చూపించింది. పదిమంది చుట్టూ చేరారు. తమ ఇల్లు కనబడగానే అరిచారు, ఎర్రకోడిని చూసి నవ్వారు. సగంలో కొళాయి నీళ్లు వచ్చాయని బిందెలు తీసుకుని లేచిపోయారు. చివరిదాకా చూసింది వీరమ్మ, పుష్ప. తన పేరుతో వీరమ్మ మాట్లాడుతుంటే పుష్ప మిరప ఘాటుకు పగిలిన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

విజయ్ బలవంతం మీద మహాదేవి దాన్ని హైదరాబాదులో చిన్న సినిమాలు చూపించే ఒక సంస్థకు పంపింది. వాళ్లకు నచ్చింది. ఆగస్టులో హాల్లో వేస్తామని, తర్వాత ఇంటర్నెట్‌లో కూడా పెడతామని రాశారు. ఆమె జీవితంలో అలాంటి ఉత్తరం రావడం అదే మొదటిసారి. మరునాడే పల్లెకు వెళ్లి వీరమ్మకు చెప్పింది.

వీరమ్మ చేతిలోని చీపురు పక్కన పెట్టింది.

"అందరూ సూస్తారా పాపా దాన్ని?"

"సూస్తారక్కా. యాడాడివాళ్లో సూస్తారు."

"అయితే వద్దు పాపా. మాకు నాలుగు నెల్లు ఊర్లో మనుషులుండరని, ఒంటిచేతి ముసలిదానికి తాళాలిచ్చి పోతారని అందరికీ తెలిసిపోతాది. దొంగనాకొడుకులు గూడా సూస్తారు గదా. ఏమన్నా అయితే ఆ ముప్పై నాలుగిండ్లోళ్లకు నేనేం సెప్పుకోవల్ల?"

ఆ సంగతి మహాదేవికి ఒక్కసారి కూడా తట్టలేదు. ఊరి పేరు తీసేస్తానని అనబోయింది. కానీ సినిమాలో గోనెగండ్ల బోర్డు లేకపోయినా ఆ కొండ ఉంది, ఆ మాటతీరు ఉంది. తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

"సరేలే అక్కా. పంపనులే."

"కోపమా పాపా?"

"లేదక్కా."

బస్సులోనే ఫోన్ తీసి, సినిమాను వెనక్కి తీసుకుంటున్నానని ఆ సంస్థకు రాసింది. కారణం రాయలేదు. విజయ్ కోప్పడ్డాడు, తర్వాత ఫోన్ చేయడం మానేశాడు. లక్ష్మప్ప మాత్రం టీ తెప్పించాడు.

సినిమా ఉన్న ఆ డిస్క్ ఆమె బీరువాలో బట్టల కింద ఉంది. మహాదేవి మళ్లీ పెళ్లిళ్లలో పెళ్లికూతురి గదికి పోతూనే ఉంది, నాలుగేసి సెకండ్ల నవ్వులు తీస్తూనే ఉంది. వర్షాలు సరిగా పడక ఈసారి సుగ్గి ముందే మొదలైంది. దసరా వెళ్లిన వారానికే వీరమ్మ ఫోన్ చేసింది.

"అందరూ పోయినారు పాపా. వీది బోడిగా ఉంది. వస్తావా?"

"రేపు వస్తానక్కా."

"ఆ కెమెరా గూడా తెస్తావా?"

మహాదేవి తెస్తానంది. ఎవరికి చూపించాలో తెలియకపోయినా బ్యాటరీని ఛార్జింగుకు పెట్టి, నల్ల అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.