మగవాళ్లు లేని గుడారం

కువైట్ వాళ్లకు గుడారాల సరదా చలికాలంలో వస్తుంది. చలి మొదలవగానే ఇంటిల్లిపాదీ ఎడారికి పోయి, తివాచీలు పరుచుకుని, వారాల తరబడి అక్కడే ఉంటారు. సరదా అంతా వాళ్లకే. నాకు ఇంట్లో ఉన్న పనంతా అక్కడా ఉండేది, కొళాయి మాత్రం ఉండేది కాదు. అలాంటిది మేకలు కూడా నీడ వదలని మండుటెండల్లో నా చేత గుడారంలో కాపురం చేయించింది మా మామా. ఇరాక్ సైన్యం వచ్చి దేశాన్ని ఆక్రమించిన ఏడాది అది.

మామా అంటే నేను పనిచేసే ఇంటి ఇల్లాలు. సాల్మియాలో వాళ్ల ఇల్లు. ఆమె భర్తను బాబా అనేవాళ్లం. వీసా ఇచ్చి నన్ను పిలిపించుకున్న కఫీల్, అంటే పూచీ ఉన్న యజమాని, ఆయనే. పోలీసు శాఖలో పెద్ద ఉద్యోగి. సైన్యం దిగిన రోజున ఆయన పనిమీద కైరోలో ఉన్నాడు, అక్కడే చిక్కుపడ్డాడు. ఇంట్లో మిగిలింది మామా, ఆమె ఇద్దరు ఆడపిల్లలు, అత్తగారు, నేను. అత్తగారిని మామా కబీరా అనేదాన్ని, అంటే పెద్ద మామా. సైనికులు రెండుసార్లు వచ్చి బాబా ఎక్కడని అడిగారు. రెండోసారి పోతూ పోతూ మళ్లీ వస్తామన్నారు. ఆ మర్నాడే మామా గుడారాలు కారుకెత్తించింది. ఊరికి చాలా దూరంగా వాళ్లకో మేకల దొడ్డి ఉండేది. కాపరి అప్పటికే పారిపోయాడు, మేకలు మాత్రం మిగిలాయి.

"నేను రాను మామా. నా పాస్‌పోర్టు నాకిచ్చెయ్యి," అన్నాను.

నిజానికి నేను అప్పటికే మా ఊళ్లో ఉండాల్సిన మనిషిని. మూడేళ్లు పూర్తయి సెలవు దొరికింది. పెట్టె కట్టి తాడు కూడా బిగించాను. ప్రయాణం ఇంకో వారంలో ఉందనగా ట్యాంకులు వచ్చాయి. రాయచోటి దగ్గర మా ఊళ్లో నాకు అయిదేళ్ల కూతురుంది. రెండేళ్లప్పుడు దాన్ని మా అక్క చంకలో పెట్టి వచ్చాను. మన దేశం వాళ్లను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు చేర్చి, అక్కడి నుంచి విమానాలెక్కిస్తున్నారని వీధిలో చెప్పుకుంటున్నారు. ఇరాక్ వాళ్లు మన జోలికి పెద్దగా రావడం లేదు. ఇక నాకు కావలసిందల్లా పాస్‌పోర్టు.

"నా బ్యాగులో భద్రంగా ఉంది. దారులు కుదుటపడనీ, ఇస్తాను. బుక్రా," అంది మామా.

బుక్రా అంటే రేపు. ఆ ఇంట్లో రేపు అన్నమాటకు ఎంత విలువో నాకు తెలుసు. అయినా పాస్‌పోర్టు ఎటు పోతే నేనూ అటే పోవాలి కదా, తాడు కట్టిన నా పెట్టెతో ఆ బ్యాగు వెనకాలే కారెక్కాను.

చలికాలంలో గుడారం వేయడానికి నలుగురు మగవాళ్లు వచ్చేవారు. ఇప్పుడు ఆ పని మామాదీ నాదీ. మామా కబీరా కారులో చల్లగా కూర్చుని, అద్దం దించి, "అలా కాదు, గాలికి ఎదురుగా కాదు, తాడు లాగు, ఇంకా లాగు!" అని అరుస్తూ ఉంది. చచ్చీ చెడీ ఒక గుడారం నిలబెట్టేసరికి నా అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. హమ్మయ్య అని కూలబడ్డానో లేదో, ముసలావిడ కారు దిగి వచ్చింది.

"ఇది ఆడవాళ్లది. మరి మగవాళ్ల ఖైమా ఏదీ?"

"మగవాళ్లు ఎవరున్నారు మామా కబీరా?"

"లేరని దారిన పోయేవాడికి నువ్వు చెప్తావా?"

ఎడారిలో పద్ధతి అదట. మగవాళ్ల ఖైమా, అంటే గుడారం, ముందుంటుంది, ఆడవాళ్లది వెనక. ముందు గుడారం గుమ్మంలో మగ చెప్పులు కనిపిస్తే కొత్తవాడెవడూ వెనక్కి తొంగిచూడడు. ఆవిడ బాబా చెప్పులన్నీ ఒక గోనెసంచిలో పోసుకుని మరీ తెచ్చింది. నగలు మర్చిపోయింది, మందులు మర్చిపోయింది, చెప్పులు మర్చిపోలేదు.

అక్కడి నుంచి మొదలయ్యాయి నా పాట్లు. పొద్దున్నే లేచి ఆ చెప్పులు అటూ ఇటూ జరపాలి, ఎవరో తొడుక్కుని తిరిగినట్టు. రోజుకు మూడుసార్లు కాఫీ కూజా, కప్పులు పళ్లెంలో పెట్టుకుని వెనక గుడారం నుంచి ముందు గుడారానికి మోయాలి. లోపల ఎవరూ ఉండరు. కాసేపు నిలబడి, "ఇంకా కావాలా బాబా?" అని గట్టిగా అడిగి, పళ్లెం తెచ్చేయాలి. ఎవరూ తాగని కప్పులు దుమ్ముపడ్డాయని మళ్లీ కడగాలి. తాగడానికి నీళ్లు చూసి చూసి వాడుకుంటున్న చోట, తాగని కప్పులు కడగడం! ఒకరోజు ఒళ్లు మండి నాలుగు జతల చెప్పులకు రెండే కప్పులు పెట్టాను. ముసలావిడ లెక్క చూసి, "అతిథులకు అవమానం," అని ఆ పూటంతా సాధించింది. ఎవరా అతిథులు? నేను అడగలేదు. అడిగితే పేర్లు కూడా చెప్పేలా ఉంది.

రోజూ పొద్దున మామాను పాస్‌పోర్టు అడిగేదాన్ని. తలనొప్పి అనేది. పిల్లలు లేస్తారు మెల్లగా అనేది. లేదా బుక్రా అనేది. ఆ బ్యాగు తలకింద పెట్టుకుని పడుకునేది, మేకల దగ్గరికి వెళ్లినా భుజాన వేసుకునేది. దాన్ని చూసినప్పుడల్లా నా కూతురు అందులోనే ఉన్నట్టు అనిపించేది. అలా నెల దాటిపోయింది.

ఒక మధ్యాహ్నం జీపు వచ్చింది. మామా, పిల్లలు వెనక గుడారంలో ఉన్నారు. ముందు గుడారంలో గాలి బాగా తగులుతుందని మామా కబీరా అక్కడ పడుకుంది. నేను బయట ఆ దిక్కుమాలిన కప్పులే కడుగుతున్నాను. ఇద్దరు సైనికులు దిగారు.

"హిందీ?" అన్నాడొకడు, ఇండియా మనిషివా అని. అవునన్నాను.

"లోపల ఎవరు?"

"మగవాళ్లు. పడుకున్నారు."

వాడు చెప్పుల వంక చూశాడు, నా వంక చూశాడు, గుడారం వైపు అడుగేశాడు. సరిగ్గా అప్పుడు లోపలి నుంచి ఒక దగ్గు వినిపించింది. ఏళ్ల తరబడి పొగాకు పీల్చిన గొంతు అది. వెంటనే మోటుగా ఒక కేక. "ఏయ్ పిల్లా! కాఫీ ఏదీ? చచ్చావా?"

"తెస్తున్నా బాబా!" అన్నాను. భయపడినట్టు నటించాల్సిన పని లేకపోయింది.

సైనికుడు ఆగిపోయాడు. నేను వాళ్లకే కాఫీ పోశాను. నిలబడే తాగి, రెండు మేకల్నీ ఐసు పెట్టెనూ జీపులో వేసుకుని, పెద్దాయనకు సలాం చెప్పమని పోయారు. జీపు కనుమరుగయ్యాక వాళ్లు తాగిన కప్పులు ఏరుకుని మళ్లీ కడగడానికి కూర్చున్నాను. మామా కబీరా తెర తీసుకుని బయటికి వచ్చి, "వాళ్లకిచ్చిన కప్పు అంచున మరక ఉంది, సరిగా తోమలేదు నువ్వు," అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆ తర్వాత మూడు రోజులకు తొట్టిలో నీళ్లు అడుగంటాయి. మామా కారేసుకుని రోడ్డు దాకా వెళ్లి ఒక నీళ్ల ట్యాంకర్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. చలికాలంలో మాకు నీళ్లు తెచ్చే మనిషే, రాయచోటి సాయిబు. నాకన్నా పెద్దవాడైనా నన్ను అక్కా అనేవాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. నన్ను చూసి నోరెళ్లబెట్టాడు.

"అక్కా, నువ్వింగా ఈడనే ఉండావా! మనోళ్లంతా పోయిరి. ఆఖరి బస్సులంటాండారు. నేనుగూడా ఈ పొద్దుతో ఈ బండి వదిలేసి పోతాండా."

"పాస్‌పోర్టు ల్యాకుండా యాడికి పోయేది అన్నా?"

"ఎవురికుంది పాస్‌పోర్టు? నాదిగూడా కఫీల్ కాడనే. టౌన్లో బ్నీద్ అల్ గార్ కాడ మనోళ్లు పాస్‌పోర్టు బదులు కాయితం రాసిస్తాండారు. పేరు, ఊరు చెప్తే సాలు. నెల్నాళ్లుగా ఇస్తాండారు గదా! నీకెవురూ చెప్పల్యా?"

ఎవరు చెప్తారు నాకు, మేకలా? నెల రోజులుగా ఇస్తున్నారట! నేను గుడారంలోకి దూసుకుపోయాను. వచ్చీ రాగానే నడుం వాల్చిన మామా తలకింది నుంచి బ్యాగు లాగేశాను. మూడేళ్లలో ఆమె వస్తువు ఆమె చెప్పకుండా ముట్టుకోవడం అదే మొదలు. తివాచీ మీద బోర్లించాను. తాళాలు, మాత్రలు, అత్తరు సీసా, పిల్లల రిబ్బన్లు పడ్డాయి. పాస్‌పోర్టు లేదు.

"కైరో పోయేముందు బాబా దాన్ని షర్క్ పేటలో పాస్‌పోర్టుల ఆఫీసుకు తీసుకెళ్లాడు, నీ సెలవు ముద్ర కోసం. ఆ ఆఫీసు మొదటి రోజే తగలబడింది," అంది మామా, లేచి కూర్చుంటూ.

నా నోటికి తెలుగులో ఎన్ని తిట్లు వచ్చో అన్నీ తిట్టాను. పిల్లలిద్దరూ నాయనమ్మ వెనక దాక్కున్నారు. తెలుగు అయిపోయాక అరబీలో అడిగాను, "అబద్ధం ఎందుకు చెప్పావు? మీకు తోడు ఉండమని అడగొచ్చు కదా?"

"అడిగితే ఉండేదానివా?"

ఉండేదాన్ని అని చెబుదామనుకున్నాను. ఆ మాట ఆమెకు బాగా తగులుతుందని తెలుసు. కానీ నా కూతురు గుర్తొచ్చింది.

"ఉండేదాన్ని కాదు," అన్నాను.

మామా తలూపి, తివాచీ మీద పడ్డవన్నీ ఒక్కొక్కటే ఏరుకుని బ్యాగులో వేసుకోవడం మొదలుపెట్టింది. మామా కబీరా మాత్రం నేను బయటికి లాగిన నా పెట్టె వంక చూసి, "సరే, పోయేలోగా కాఫీ పళ్లెం ముందు ఖైమాలో పెట్టిపో," అంది. మొండిదానిలా ముఖం పెట్టుకుని వెళ్లి పెట్టాను. నాలుగు కప్పులూ పెట్టాను.

ట్యాంకర్‌లో దారి పొడుగునా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. అందరికీ చెబుతాను, కాగితాల మీద రాయిస్తాను, మామా మొగుడి పేరుతో సహా రాయిస్తాను అని శపథాలు చేశాను. సాయిబు పాపం ఊకొడుతూ బండి తోలాడు.

బ్నీద్ అల్ గార్‌లో పెద్ద లైను. ఇక్కడ రాసిన కాగితాలు సాయంత్రానికి ఇరాక్ అధికారి బల్ల మీదికి వెళ్తాయని, ఆయన ముద్ర పడితేనే బస్సని లైన్లో అందరూ చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చేసరికి ఎండకు కళ్లు తిరుగుతున్నాయి. బల్ల వెనక కూర్చున్న మన గుమాస్తా తలెత్తకుండా హిందీలో అడిగాడు.

"పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? కఫీల్ దగ్గరా? పేరు, ఉద్యోగం చెప్పు. ఆ కుటుంబం ఇప్పుడు ఎక్కడుంది?"

కలం కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. బాబా పేరు నా నాలుక చివర ఉంది, పోలీసు ఉద్యోగమూ ఉంది, మేకల దొడ్డికి దారి కూడా ఉంది.

"కఫీల్ వాళ్లు దేశంలో లేరు సార్. పాస్‌పోర్టు నేనే పారేసుకున్నాను."

"ఎక్కడ?"

"తెలీదు సార్."

వెనక నుంచి సాయిబు, "అట్ల గాదు సార్, ఈయక్క వాళ్ల మామా..." అని మొదలుపెట్టాడు. ఆయన కాలు గట్టిగా తొక్కాను.

గుమాస్తా కలం విసురుగా బల్ల మీద పెట్టాడు. ఒళ్లు దగ్గర పెట్టుకోవడం తెలియని మీలాంటి వాళ్లను విమానమెక్కించి పరదేశం పంపేదెవరు, పాస్‌పోర్టు అంటే తలదువ్వెన అనుకున్నావా, నీ ఒక్కదాని మతిమరుపుకు ఇంతమంది ఎండలో నిలబడాలా అని లైనంతటికీ వినిపించేలా చెడామడా కడిగేశాడు. మూడేళ్లలో ఆ ఇంట్లో ఒక్క చెంచా పోగొట్టని దాన్ని, ఆ తిట్లన్నీ తలవంచుకుని పడి, చూపించిన చోట సంతకం పెట్టి, కాగితం తీసుకున్నాను.