కాలు తొక్కి చేయించిన పరీక్ష

కలకత్తా గార్డెన్ రీచ్ రేవులో ఓడల సరుకు మోసే మా ఆయనకు ఒంటి మీద ఏడెనిమిది పాలిపోయిన మచ్చలు వచ్చాయి. తామర అనుకుని మందుల షాపువాడు ఇచ్చిందేదో నెలల తరబడి పూశాం. దురద లేదు, నొప్పి లేదు, ఇక తొందరేమిటని ఆయన ధీమా. బీడీ తగిలి ముంజేతి మచ్చ కాలినా ఆయనకు తెలియలేదు. అది చూసి నాకు కోపం నషాళానికి అంటింది. రేవులో సమ్మె ఉన్న రోజు చూసి ఆస్పత్రికి లాక్కుపోయాను.

బస్సులో అసలు భయం బయటపెట్టాడు. “పెద్ద రోగమంటే నాను ఊరిడిసి ఎల్లిపోతాను. నువ్వు మీ అమ్మోలింటికి పో” అన్నాడు. మాకు పెళ్లయి రెండేళ్లు. ఈయన్ని వదిలి ఎక్కడికి పోతాను? కళ్లు మూయించి దూదితో తాకుతారని, తాకినచోట వేలు పెట్టాలని రేవులో ఎవరో ఆయనకు చెప్పారట.

“ఆళ్లు తాకగానే నా కాలు తొక్కెయ్యే” అన్నాడు. సిగ్గు లేకుండా సరేనన్నాను.

డాక్టరు ఆయన కళ్లు మూయించి మోచేతి దగ్గర దూది తాకించాడు. తొక్కాను. మా ఆయన ఠక్కున మణికట్టు మీద వేలు పెట్టాడు. మళ్లీ తొక్కితే ఈసారి భుజం మీద. ఎప్పుడు తాకారో కాలు చెబుతుంది గానీ ఎక్కడ తాకారో చెప్పదని మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు. డాక్టరు బల్ల కిందికి వంగి చూసి పడీపడీ నవ్వాడు.

“పరీక్ష ఆయనకా, మీకా బౌదీ?” అన్నాడు, నన్ను వదినను చేసి. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత మోచేతి నరం నొక్కి చూసి, బెంగాలీలో నెమ్మదిగా చెప్పాడు. మా ఆయనకు అంత బెంగాలీ రాదు. నేను కొళాయి దగ్గర పోట్లాడి నేర్చుకున్నాను. కుష్ఠే. నయమవుతుంది. ఏడాదిపాటు మాత్రలు ఒక్కరోజూ మానకూడదు. ఆ మాత్రలకు ఒళ్లు నల్లబడుతుంది, ఎండి పొలుసులు లేస్తాయి, నూనె రాయాలి. (ఆ ఏడాదంతా నూనె రాస్తూ, కాకీ కాకీ అని ఏడిపించాను. మందులయ్యాక మెల్లగా మామూలు రంగుకొచ్చాడు.) మందు మొదలుపెడితే ఇతరులకు అంటదు, ఇంట్లోనే ఉండొచ్చు.

“ఏటంతన్నాడే?” అన్నాడు మా ఆయన. కళ్లు ఇంకా తెరవలేదు.

నేను చివరి మాటే ముందు చెప్పాను. “ఇంటికాడే ఉండొచ్చంట మావా. కలిసే తినొచ్చంట.”

రోగం పేరు అడగనే లేదు. “ఇంకోపాలి సెప్పు” అన్నాడు.