గోడ పక్కన నీళ్ల తొట్టి

ఐటీ కారిడార్ నడుమ మిగిలిన కాస్త అడవిలో దుప్పులకు ఎండాకాలం నీళ్లు అందేలా చూడటం మా వాలంటీర్ల పని. ఆ ఏడు అడవి లోపలి పాత తొట్టి పగిలింది. కొత్తది కట్టించే దాత కోసం నెలల తరబడి తిరిగాం. చివరికి, అడవి గోడకు ఆనుకుని టవర్లు కడుతున్న కంపెనీ నుంచి ఒకాయన తానే ఫోన్ చేసి, ఖర్చంతా మాదేనండి అన్నాడు. అడగకుండానే ఇస్తామనడం నాకు నచ్చలేదు.

"పైసలెవరివైతేంది తమ్మీ? నీళ్లు తాగేది దుప్పులే గదా," అంది మా వాలంటీర్ల బృందాన్ని నడిపే అక్క. ఆమెది వరంగల్ వైపు.

వారం తర్వాత ఆయన మ్యాప్ తెచ్చాడు. తొట్టి గుర్తు గోడ పక్కన ఉంది.

"మాకు కావాల్సింది లోపల కదండీ?" అన్నాను.

"లోపలికి ట్యాంకర్ వెళ్లదండి."

పాత తొట్టికి ఏటా ట్యాంకర్ వెళ్తూనే ఉంది. ఆయనకు తెలియదా, తెలిసే అన్నాడా?

ఆదివారం అక్కను వెంటబెట్టుకుని, ఫ్లాట్ కొనేవాళ్లలా వాళ్ల సేల్స్ ఆఫీసుకు వెళ్లాను. అడవి వైపు ఫ్లాట్లకు ధర ఎక్కువెందుకని అక్క అడిగింది.

"బాల్కనీలోంచి జింకలు కనిపిస్తాయి మేడమ్. గోడ పక్కనే నీళ్ల తొట్టి వస్తోంది," అంది అక్కడి అమ్మాయి.

బయటికొచ్చి గోడ వెంట నడిచాం. ఒకచోట గోడ కూలి ఉంది. పక్కనే ఇసుక కుప్ప మీద కుక్కల మంద పడుకుని ఉంది.

"నీళ్లకొచ్చిన దుప్పి పిల్లను ఇవి బతకనిస్తయా?" అంది అక్క నెమ్మదిగా.

మర్నాడు నా ఎదుటే ఆయనకు ఫోన్ చేసింది. "లోపల కట్టిస్తే తీస్కుంటం సార్. గోడ పక్కన వద్దు."

పైవాళ్లను అడిగి చెప్తానన్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు. మేమే తలా కొంత వేసుకుని, అటవీశాఖ అనుమతితో పాత తొట్టికి సిమెంటు పూయించాం. మే నెలంతా నీళ్లు నిలిచాయి. చుట్టూ బురదలో గిట్టల జాడలు చూసి అక్క ఎంత సంబరపడిందో.

కొన్నాళ్లకు ఆ టవర్ల ప్రకటన చూశాను. అందులో ఉన్నది తొట్టి దగ్గర నేను తీసిన దుప్పుల ఫొటో. దాన్ని మా వాట్సాప్ గ్రూపులో తప్ప ఎక్కడా పెట్టలేదు. అక్కకు చూపించాను.

"మనోళ్లే ఇచ్చిన్రంటవా?" అంది.

ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు. ఆదివారాలు అందరం కలిసే అడవికి వెళ్తున్నాం. ఫొటోలు మాత్రం పంపడం మానేశాను.