రాజమ్మక్క మార్చిన ఊరి పేరు

2023 వానాకాలం. అప్పటికి చాలా ఏళ్లుగా నేను వైరాలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని సర్వర్లను పరీక్షించే పని చేస్తున్నాను. పని హైదరాబాదు కంపెనీలది, కుర్చీ మా ఆయన కొనిచ్చింది, కరెంటు ఉన్నంతసేపే ఉద్యోగం. ఊళ్లో ఎవరైనా ఏం చేస్తావని అడిగితే కంప్యూటర్ పని అని తేల్చేస్తాను. ఇక్కడ మాత్రం కాస్త విప్పి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు.

మనం ఫోన్‌లో ఏదైనా అడిగితే అవతలినుంచి జవాబిచ్చే కంప్యూటరే సర్వర్. సమాచారాన్ని అందులో దాచే పద్ధతుల్లో లింక్డ్ డేటా ఒకటి. ప్రతి మనిషికీ, ప్రతి ఊరికీ వెబ్‌లో ఒక సొంత చిరునామా ఇస్తారు. ఒకరి వివరాల్లో ఇంకోదాని చిరునామా పెట్టి ముడి వేస్తారు. ఆ చిరునామాలో ఉన్నది చదవాలంటే ఎలా అడగాలి, మార్చాలంటే ఎలా మార్చాలి అన్నదానికి అందరూ ఒప్పుకున్న నియమాలున్నాయి. వాటిని స్టాండర్డ్ అంటారు. సర్వర్ వాటి ప్రకారం నడుస్తోందా లేదా అని ఒక్కో నియమాన్నీ అడిగి చూడడమే కన్‌ఫార్మెన్స్ టెస్టింగ్.

ఆ నియమాల్లో రెండు రకాలు ముఖ్యం. మస్ట్ అని ఉంటే చేసి తీరాలి, తప్పితే నా రిపోర్టులో ఎర్ర గీత పడుతుంది. షుడ్ అని ఉంటే చేయడం మంచిది, తగిన కారణముంటే మానుకోవచ్చు. అక్కడ పసుపు గీత. ఎర్ర గీత ఒక్కటున్నా నేను సర్టిఫికెట్ ఇచ్చేదాన్ని కాదు, ఎవరు బతిమాలినా సరే. ఈ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. పెళ్లి భోజనానికి పోయినా పప్పులో ఉప్పు దగ్గర్నుంచి వంకలు పెడతావని మా ఆయన దెప్పేవాడు. అది నాకు మెచ్చుకోలుగానే వినిపించేది.

ఆ యేడు నా దగ్గరకొచ్చిన సర్వర్ భద్రాచలం చుట్టుపక్కల అడవి గూడేల్లోని గర్భిణుల కోసం ఒక సంస్థ కట్టించింది. వాగులు పొంగితే కొన్ని గూడేలకు దారి ఉండదు. అందుకని నెలలు నిండుతున్నవాళ్లను ముందే బండి పంపి భద్రాచలం తెచ్చి, దవాఖానా దగ్గర ఉంచుతారు. ప్రతి గర్భిణికీ సర్వర్‌లో ఒక చిరునామా. ఆమె ఏ గూడెంలో ఉంది, రక్తం ఎంత ఉంది, బండి ఎప్పుడు పోవాలి, అన్నీ అక్కడే. గూడేలు తిరిగే నర్సులు, రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్, బండ్లు పంపే ఆఫీసు, అందరూ తమ తమ ఫోన్ల నుంచి ఆ వివరాలనే మారుస్తుంటారు.

సర్వర్ కట్టినవాడు కిరణ్. ఇల్లెందువాడు, పనిమంతుడు. ఎర్ర గీత ఒక్కటీ రాలేదు. పసుపుది మాత్రం ఒకటి వచ్చింది. మనం ఒకరి వివరాలను ఫోన్‌లోకి తెచ్చుకున్నప్పుడు వాటితోపాటు ఈ-ట్యాగ్ అనే గుర్తు కూడా వస్తుంది. మార్చి తిరిగి పంపేటప్పుడు ఆ గుర్తు చూపించమని సర్వర్ అడగాలి. మధ్యలో ఇంకెవరైనా మార్చి ఉంటే గుర్తు కలవదు. అప్పుడు, నీ దగ్గరున్నది పాతది, మళ్లీ తెచ్చుకో అని వెనక్కి పంపాలి. కిరణ్ సర్వర్ అలా అడగడం లేదు. చివరగా ఎవరు ఏది పంపితే అది మొత్తంగా రాసేసుకుంటోంది. అడగడమన్నది స్టాండర్డ్‌లో షుడ్, మస్ట్ కాదు.

కిరణ్‌కు ఫోన్ చేశాను.

"పెట్టొచ్చక్కా, ఎంతసేపు పని. కానీ వీళ్లు అడివిల తిరుగుతరు. పొద్దంత సిగ్నల్ ఉండదు. సాయంత్రం రోడ్డు మీదికొచ్చి అన్నీ ఒక్కసారి పంపుతరు. అప్పుడు సర్వర్ వెనక్కి కొడితే నన్ను తిట్టిపోస్తరు" అన్నాడు.

"మరి ఒకే మనిషిని ఒకే రోజు ఇద్దరు మారిస్తే?"

"ఎప్పుడో గాని జరగదక్కా."

కారణం తగినదే అనిపించింది. తప్పనిసరి కాదు అని ఆ గీత పక్కన రాసి, సర్టిఫికెట్ ఇచ్చేశాను. ఆ సంస్థవాళ్లు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ గూడేలు తిరిగే నర్సుల్లో రాజమ్మ ఒకరు. ఏఎన్‌ఎం, కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా రెన్యువల్. గూడేల్లో అందరికీ ఆమె సిస్టరమ్మ. ఆమె చూసే వాళ్లలో స్వప్న అనే అమ్మాయిది తొలి కాన్పు. అత్తగారి గూడెం రోడ్డు పక్కనే ఉంటుంది. తల్లిగారి గూడెం వాగు అవతల. తొలి కాన్పు కాబట్టి స్వప్న తల్లిగారింటికి పోయింది. రాజమ్మ ఆ సంగతి తెలిసిన మధ్యాహ్నమే సిగ్నల్ ఉన్నచోటికి నడిచిపోయి సర్వర్‌లో ఊరి పేరు మార్చింది.

మర్నాడు బండి అత్తగారి గూడేనికి పోయింది. ఇంటికి తాళం. అందరూ నాట్లకు పోయారు. డ్రైవర్ కాసేపు చూసి వెనక్కి వచ్చేశాడు. ఆ సాయంత్రం మొదలైన వాన ఆగలేదు, వాగు వచ్చింది. స్వప్నకు నొప్పులు మొదలైతే తల్లిగారి తరఫు మగవాళ్లు మంచం మీద మోసుకుని వాగు దాటించారు. ఒడ్డు మీదే కాన్పయింది. తల్లీబిడ్డా బతికారు గానీ పసివాణ్ణి దవాఖానాలో అద్దాల పెట్టెలో చాలా రోజులు ఉంచాల్సి వచ్చింది.

సంస్థవాళ్లు మీటింగు పెట్టి నన్ను కూడా పిలిచారు. కొత్తగూడెం మీదుగా భద్రాచలానికి బస్సులో పోయాను. రాజమ్మను అక్కడే మొదటిసారి చూశాను. యాభైకి దగ్గరపడ్డ మనిషి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. సర్వర్‌లో స్వప్న ఊరి పేరు అత్తగారిదే ఉంది. పాత ప్రతులు దాచే ఏర్పాటు అందులో లేదు, కాబట్టి అంతకుముందు ఏముండేదో చూడలేం.

"నేను మార్చిన సార్. మార్చినంక నా ఫోన్ల కండ్లార చూసుకున్న" అంది రాజమ్మ. "ఇంతకుముందు అయితే ఫోన్ జేసి డ్రైవర్‌కే చెప్పేదాన్ని. ఇగ ఫోన్లు వద్దు, అన్నీ అండ్లనే మార్చుమన్నరు మీరే."

సంస్థ కోఆర్డినేటర్ నావైపు తిరిగాడు. "మేడం, మార్చింది పోయే చాన్స్ ఉన్నదా?"

"సర్వర్ స్టాండర్డ్ ప్రకారమే ఉంది సార్. మార్చి ఉంటే కనపడేది" అన్నాను.

ఆ మాట నోట్లో ఉండగానే పసుపు గీత గుర్తొచ్చింది. అబద్ధం చెప్పను, స్పష్టంగా గుర్తొచ్చింది. స్వప్న రక్తం రిపోర్టు రాజమ్మ ఊరు మార్చానన్న రోజు సాయంత్రమే ఎక్కిందని ఎదురుగా స్క్రీన్ మీద కనపడుతూనే ఉంది. ఒక్కమాట, ఉండండి సార్, ఒకటి చూడాలి అంటే సరిపోయేది. అందరి ముందూ నా సర్టిఫికెట్‌ను నేనే చింపుకోవడానికి మనసు రాలేదు. నోరు మూసుకున్నాను.

"అయితే నేను అబద్ధం ఆడిన్నా చెల్లె?" అని రాజమ్మ నన్నే అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నేను ల్యాప్‌టాప్ మూసి వైరు చుట్టుకున్నాను.

ఇంటికొచ్చి నా ఫోన్, మా ఆయన ఫోన్ పక్కపక్కన పెట్టి టెస్ట్ సర్వర్‌లో ఒక ఉత్తుత్తి పేరు సృష్టించాను. రెండు ఫోన్లలోకీ తెచ్చుకున్నాను. ఒకదాంట్లో ఊరు మార్చి పంపాను. మారింది. రెండోదాంట్లో రక్తం అంకె మార్చి పంపాను. అంకె ఎక్కింది, ఊరు మళ్లీ పాతదైపోయింది. టెక్నీషియన్ పొద్దున వివరాలు తెచ్చుకుని క్యాంపుకు పోయి, సాయంత్రం సిగ్నల్ దొరికాక పంపాడు. అతని ఫోన్‌లోని పాత ఊరు రాజమ్మ రాసినదాని మీద పడింది. అంతే జరిగింది. పాపం, అతని తప్పూ లేదు.

కిరణ్‌కు చెబితే అంతా విన్నాడు. తర్వాత, "కానీ రూల్ ప్రకారం ఇప్పటికీ మనది పాసే కదక్కా" అన్నాడు. నాకు తిట్టాలనిపించింది. ఏ మొహంతో తిడతాను, అవే ముక్కలు నేను సంతకంతో రాసిచ్చాను. గుర్తు అడిగే పద్ధతి పెట్టించాను. ఫోన్‌లో పాతది ఉంటే పక్కన కొత్తది చూపించి ఏది ఉంచాలో అడిగేలా కూడా కిరణ్ చేశాడు. సంస్థకు రాసిన కొత్త రిపోర్టులో ఈ మార్పు అవసరం అని మాత్రం రాశాను. ఎందుకు అవసరమైందో ముందు రాజమ్మక్కతో మాట్లాడి రాద్దామనుకుని ఆమె ఇంటికి బయల్దేరాను.

వాన తెరిపిచ్చిన రోజు. ఆమె వాకిట్లో సబ్‌సెంటర్ టీకాల పెట్టెలు తుడుస్తోంది. చెప్పదలుచుకున్నదంతా నిలబడే చెప్పాను. ఆమె విని స్టూలు జరిపింది.

"కూసో. నాకు ఎరుకే, నేను మార్చిన అని. కానీ ఇప్పుడు నువ్వు ఆఫీసుల చెప్పకు."

"ఎందుకక్కా? నీ మాట నిజమని తేలుతది కదా."

"నేను రాసిచ్చిన చెల్లె. పని ఎక్కువై మరిచిపోయిన, మాఫీ చేయండి అని సంతకం పెట్టిన. అట్ల అయితెనే రెన్యువల్ జేస్తమన్నరు. ఇప్పుడు మార్చింది నిజమే అంటే, మరి మరిచిన్నని ఎందుకు రాసినవ్ అంటరు. గప్పుడు నిజంగనే అబద్ధాలదాన్ని అయిత."

ఆమె బట్ట పిండి ఆరేసింది.

"నీకు అంత చెప్పబుద్ధయితే స్వప్న వాళ్లమ్మకు చెప్పు. సూదులరోజు ఆ గూడెమోళ్లు పిల్లల్ని పట్కరావట్లేదు. మరిచిపోయేదాని చేతికి పిల్లలనిస్తమా అంటున్నరట. నా ఉద్యోగం సంగతి నేను జూస్కుంట. ఆ పిల్లలకు సూదులు పడాలె."

వాగు దాకా ఆమే తీసుకుపోయింది. నీళ్లు మోకాళ్లలోపే ఉన్నాయి. ఆమె మాత్రం దాటలేదు. "నేను పక్కన నిలబడితే నేనే చెప్పిచ్చిన్నంటరు" అని ఒడ్డునే ఆగిపోయింది.

స్వప్న తల్లి నాగమ్మ చాప మీద మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. చీర ఉయ్యాలలో పసివాడు నిద్రపోతున్నాడు. స్వప్న లోపల్నుంచి తొంగిచూసి మళ్లీ పొయ్యి దగ్గరకు పోయింది. నేనెవరో చెప్పి, ఎదురుగా కూర్చుని, నాకు చేతనైనంత తేటగా చెప్పాను.

"సిస్టరమ్మ మరిచిపోలే పెద్దమ్మా. మీ బిడ్డ ఇక్కడున్నదని ఆ రోజే రాసింది. ఇంకొకాయన పంపిన పాత సంగతి దాని మీద పడి అది పోయింది."

"గట్ల పోకుంట జూసేది ఎవలు?" అంది నాగమ్మ, కంకి వదలకుండానే.

"నేనే."

"పోతదని ఎరుకేనా నీకు?"

"ఎరుకే. ఎప్పుడో గాని జరగదు అనుకున్నం."

ఆమె ఒలిచిన గింజలు చేత్తో పక్కకు నెట్టింది. "మా వాగు గూడ ఎప్పుడో గానే వస్తది" అంది.

తల దించుకున్నాను. ఇంత వయసొచ్చాక ఒకరి ముందు అలా తల దించుకోవడం అదే మొదలు. కాసేపటికి ఆమే అడిగింది.

"మరి సిస్టరమ్మ ఎందుకు జెప్పలే, నేను రాసిన్నని?"

"చెప్పింది. నమ్మలే."

"ఎవలు నమ్మలే?"

"మేమే."

నాగమ్మ లేచి చీర దులుపుకుని వాగువైపు నడిచింది. అవతలి ఒడ్డున నిలబడ్డ రాజమ్మను చూసి కోయ భాషలో ఏదో గట్టిగా అంటూ పిలిచింది. రాజమ్మ చెప్పులు చేత పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఆ మధ్యాహ్నం మాకు ముగ్గురికీ స్వప్నే చాయ్ పోసింది. తర్వాతి సూదులరోజు ఆ గూడెం పిల్లలందరూ వచ్చారని రాజమ్మక్క ఫోన్ చేసి చెప్పింది.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లకు నేనిప్పుడు చెప్పేది ఒకటే. స్టాండర్డ్ ప్రకారం ఉందంటే అందరి మధ్యా ఒక ఒప్పందం కుదిరిందని అర్థం, ఎవరికీ నష్టం జరగదని కాదు. షుడ్ దగ్గర ఎవరైనా కారణం చెబితే ఆ కారణం ఎవరికి సుఖమో, తేడా వస్తే ఎవరి నెత్తిన పడుతుందో అడగండి. ఆ ఇద్దరూ ఒకరే అయితే సరే. కిరణ్‌కూ నాకూ సుఖమైనది వాగు ఒడ్డున స్వప్న నెత్తిన పడింది, మీటింగులో రాజమ్మక్క నెత్తిన పడింది. ఇంత చెప్పినంత మాత్రాన నా సిగ్గు తగ్గిందనుకోకండి.

మొన్న రాజమ్మక్క ఫోన్ చేసింది.

"చెల్లె, ఈయేడు గూడ రెన్యువల్ అయింది. మళ్ల గా కాగితం బయటికి తీసిన్రు. మరిచిపోయింది నిజమేనా అన్నరు. అవ్ సార్, ఇగ మరువ అన్న."

నవ్వుతూనే చెప్పింది. నేను వచ్చి ఆఫీసులో నిజం చెబుతానక్కా అన్నాను. వద్దులే అంది. వద్దంటుందని నాకు తెలుసు. తెలిసే అడిగాను.